కాకి గూటిలో కోకిల గుడ్డు

ఎండలు ముదిరేసరికి మామిడి కొమ్మల్లో కోకిల కూత వినిపిస్తుంది. అది విని మనం ముచ్చటపడతాం గాని, కాకులకు ఆ కూత వింటే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే కోకిల తన గూడు తాను కట్టుకోదు. మగకోకిల కాకి గూటి దగ్గరికి వచ్చి అల్లరి పెడుతుంది. కాకులు కోపం పట్టలేక దాన్ని తరుముకుంటూ పోతాయి. ఆ సందు చూసుకుని ఆడకోకిల చప్పుడు కాకుండా వచ్చి గూటిలో గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది. ఆ గుడ్డు రంగూ, దాని మీది మచ్చలూ ఇంచుమించు కాకి గుడ్డు మాదిరే ఉంటాయి. కాస్త చిన్నదిగా ఉంటుంది, అంతే. తిరిగి వచ్చిన కాకి అది తన గుడ్డే అనుకుని పొదుగుతుంది. పిల్ల బయటికి వచ్చాక నోట్లో మేత పెట్టి పెంచుతుంది. అందుకే మన పూర్వులు కోకిలకు పరభృతం అని కూడా పేరు పెట్టారు. ఇతరులు పెంచినది అని ఆ మాటకు అర్థం.

కంప్యూటర్లలో కూడా ఇలాటి గుడ్లు పెట్టేవాళ్ళు ఉన్నారు. వాటిని పసికట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ పసికట్టటం ఎలా జరుగుతుందో చెబుతాను. దానికి ముందు ఒక మాట తెలియాలి.

వంటల పుస్తకంలో పులిహోర చేసే విధానం రాసి ఉంటుంది. అది ఎన్నిసార్లు చదివినా కడుపు నిండదు. పొయ్యి వెలిగించి, అన్నం వండి, చింతపండు పులుసు ఉడికించి, పోపు పెడితేగాని పులిహోర కాదు. కంప్యూటరులో ప్రోగ్రాము అనేది కాగితం మీది విధానం వంటిది. ఆ ప్రోగ్రాము పని చేయటం మొదలుపెడితే, అంటే పొయ్యి మీదికి ఎక్కితే, దాన్ని ప్రాసెస్ అంటారు. ఒకే విధానం చూసి నాలుగు పొయ్యిల మీద వండవచ్చు గదా? అలాగే ఒకే ప్రోగ్రాము నుంచి నాలుగు ప్రాసెస్‌లు నడవవచ్చు. పొయ్యి వెలుగుతున్నంతసేపూ కట్టెలు కాలుతూనే ఉంటాయి. ప్రాసెస్ నడుస్తున్నంతసేపూ కంప్యూటరు కాలమూ, కరెంటూ ఖర్చు అవుతూనే ఉంటాయి. ఈ కట్టెల సంగతి గుర్తుంచుకోండి.

1986వ సంవత్సరం, ఆగస్టు నెల. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్కిలీ అనే ఊళ్ళో, కొండ మీద, లారెన్స్ బర్కిలీ లేబొరేటరీ అనే పెద్ద పరిశోధనశాల ఉన్నది. అందులో క్లిఫర్డ్ స్టోల్ అనే ఆయన పనిచేస్తున్నాడు. ఆయన చదివినది నక్షత్రాల శాస్త్రం. కాని ఆయన చేస్తున్న టెలిస్కోపు పనికి డబ్బు అయిపోవటం చేత ఆయనను కంప్యూటర్ల శాఖకు పంపేశారు.

అప్పట్లో అటువంటి చోట్ల మనిషికొక కంప్యూటరు ఉండేది కాదు. పెద్ద యంత్రాలు కొన్ని ఉండేవి. వాటిని ఎంతోమంది, కొందరు ఆ భవనంలో నుంచీ, కొందరు టెలిఫోను తీగల గుండా దూరం నుంచీ వాడుకునేవారు. ఎవరు ఎంతసేపు వాడుకున్నారో యంత్రమే చిట్టా రాసేది. దాన్నిబట్టి వాళ్ళ ఖాతాలో ఖర్చు పడేది. ఒక నెల ఆ చిట్టాకూ, వసూలు కావలసిన సొమ్ముకూ 75 సెంట్లు తేడా వచ్చింది. అంటే ముప్పాతిక డాలరు. కొత్తవాడికి ఏదో ఒక పని చూపించాలని కాబోలు, పై అధికారి ఆ తేడా ఎక్కడిదో తేల్చమని స్టోల్‌కు చెప్పాడు.

ఇంకొకరయితే ఆ ముప్పాతిక డాలరు తన జేబులోంచి తీసి ఇచ్చి ఊరుకునేవాళ్ళేమో! స్టోల్ అలా చేయలేదు. చిట్టాలన్నీ తిరగేశాడు. హంటర్ అనే పేరుతో ఎవరో తొమ్మిది సెకండ్ల కంప్యూటరు కాలం వాడుకున్నారు. హంటర్ అంటే వేటగాడు. ఆ వేటగాడికి ఖాతా ఉన్నది గాని, బిల్లు పంపటానికి చిరునామా లేదు. ఆ పేరుగలవాణ్ణి ఎవరూ ఎరగరు. స్టోల్ ఆ పేరు కొట్టేశాడు. కొద్ది రోజులకే ఇంకొక చోటి కంప్యూటరు వాళ్ళ నుంచి ఫిర్యాదు వచ్చింది, మీ లేబొరేటరీ నుంచి ఎవరో మా యంత్రంలో చొరబడాలని చూశారని.

చొరబడ్డవాడు బర్కిలీలో యజమాని అధికారాలన్నీ ఎలా సంపాదించాడో తరవాత తెలిసింది. అది వింటే మీకు కోకిల గుర్తుకు రాకమానదు. అక్కడి యంత్రాలు కొన్ని యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచేవి. అందులో ఎట్-రన్ అనే చిన్న ప్రోగ్రాము ఉండేది. అది అయిదు నిమిషాలకొకసారి లేచి, వేళకు జరగవలసిన పనులేమైనా ఉన్నాయా అని చూసి, మళ్ళీ పడుకునేది. ఇంటి పని కనక దానికి సర్వాధికారాలూ ఉండేవి. ఉత్తరాలను ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చే వేరొక ప్రోగ్రాములో ఒక లోపం ఉన్నది. అది ఏ ఫైలునయినా ఎక్కడయినా తీసుకుపోయి పెట్టేస్తుంది, ఎవరికి ఆ హక్కు ఉన్నదని అడగదు. దొంగ ఆ లోపాన్ని కనిపెట్టి, తాను రాసిన ప్రోగ్రామును ఎట్-రన్ ఉండే చోట, ఎట్-రన్ అనే పేరుతోనే పెట్టాడు. అయిదు నిమిషాలు గడిచాయి. యంత్రం ఎప్పటిలాగే ఎట్-రన్‌ను లేపాననుకుని దొంగ గుడ్డును పొదిగింది! ఆ ప్రాసెస్ లేచీ లేవగానే దొంగకు సర్వాధికారాలూ కట్టబెట్టింది. వెంటనే వాడు అసలు ఎట్-రన్‌ను తిరిగి దాని చోట పెట్టేశాడు. తరవాత ఎవరు వచ్చి చూసినా గూట్లో అన్నీ కాకి గుడ్లే కనిపిస్తాయి.

వాణ్ణి కనిపెట్టి చూడటం ఎలా? యూనిక్స్‌లో పి.ఎస్. అని ఒక ఆజ్ఞ ఉన్నది. అది టైపు చేస్తే ఆ క్షణాన యంత్రంలో నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా వస్తుంది. కాని ఆ ఆజ్ఞ దొంగకూ తెలుసు. వాడు లోపలికి రాగానే యంత్రంలో ఇంకెవరెవరు ఉన్నారో చూసేవాడు. పెద్ద అధికారి ఎవరయినా ఉన్నట్టు కనిపిస్తే మెల్లిగా జారుకునేవాడు. అదే యంత్రంలో కూర్చుని కాపలా కాస్తే ఆ కాపలా కూడా జాబితాలో కనిపిస్తుందన్నమాట.

అందుచేత స్టోల్ యంత్రం బయట కాపు కాశాడు. శనాదివారాలు ఆఫీసులో ఎవరూ ఉండరు గదా. పనివాళ్ళ బల్లల మీది టెర్మినళ్ళూ, టైపు కొట్టే యంత్రాలూ ఒక యాభై దాకా మోసుకొచ్చి, బయటి నుంచి వచ్చే యాభై టెలిఫోను తీగలకూ తలా ఒకటి తగిలించాడు. వాళ్ళను అడిగాడా అంటే, అడిగినట్టు లేదు. దొంగ వచ్చాడు. వాడు ఒక్కొక్క అక్షరం కొడుతూ ఉంటే, వాడికి తెలియకుండా ఇక్కడ కాగితం మీద అచ్చు పడుతూ వచ్చింది.

ఆ కాగితాల్లో ఒక తమాషా బయటపడింది. దొంగ పి.ఎస్. ఆజ్ఞను టైపు చేసిన తీరు బర్కిలీ వాళ్ళ తీరు కాదు. యూనిక్స్‌లో రెండు మూడు సంప్రదాయాలు ఉండేవి. బర్కిలీ సంప్రదాయంలో పనికి రాని ఒక అక్షరాన్ని వాడు అలవాటు కొద్దీ తగిలిస్తున్నాడు. నాలుగు మాటలు వినేసరికి ఫలానావాడిది శ్రీకాకుళం, ఫలానావాడిది వరంగల్లు అని మనం యాసను బట్టి చెప్పగలం గదా? సరిగా అలాగే, వీడు ఇక్కడి కుర్రవాడు కాడు అని స్టోల్ స్నేహితులు తేల్చేశారు.

తరవాతి కథ పొడుగయినది. దొంగ వాడిన తీగను పట్టుకుని వెనక్కు పోగా పోగా అది అమెరికా దాటి, సముద్రం దాటి, పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరానికి చేరింది. వాడి పేరు మార్కస్ హెస్. వాడు అమెరికా సైన్యపు కంప్యూటర్లలో దొరికిన కాగితాలు సోవియట్ గూఢచారి శాఖకు అమ్ముతున్న ముఠాలో ఒకడు. వాడు ఎక్కువసేపు లైను మీద ఉంటేగాని ఆచూకీ తీయటం సాధ్యం కాదు. అందుకని స్టోల్ లేని శాఖ ఒకటి ఉన్నట్టు సృష్టించి, దాని పేర పెద్ద పెద్ద దొంగ కాగితాలు రాసి యంత్రంలో పెట్టాడు. దొంగ అవి చదువుతూ కూర్చుని దొరికిపోయాడు. 1990లో అక్కడి కోర్టులో శిక్ష పడింది. స్టోల్ అంతకు ముందు ఏడాదే ఈ కథంతా పుస్తకంగా రాసి, దానికి "కుకూస్ ఎగ్" అని పేరు పెట్టాడు. ఆ దేశాల్లో కుకూ పక్షి కూడా ఇతర పక్షుల గూళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 1991లో ఫిన్లండ్ దేశంలో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే యువకుడు యూనిక్స్ మాదిరిగా నడిచే లినక్స్‌ను రాయటం మొదలుపెట్టాడు. ఈనాడు వెబ్ సర్వర్లలో చాలా భాగం దాని మీదే నడుస్తున్నాయి. వెబ్ సర్వరు అంటే అడిగినవాళ్ళకు పేజీలు వడ్డించే కంప్యూటరు. మీరు పరీక్షా ఫలితాలు ఫోనులో చూసుకునేటప్పుడు ఎక్కడో ఒక గదిలో, అలాటి సర్వరు ఒకటి మీకు ఆ పేజీ పంపుతుంది. రాత్రింబగళ్ళు తలుపు తెరిచి ఉంచవలసిన ఇల్లు అది. అందుచేత దొంగల కన్ను ఎప్పుడూ దాని మీద ఉంటుంది.

ఒక రోజు ఆ సర్వరు మందగించింది అనుకోండి. అడిగిన పేజీ ఎంతకూ రాదు. దాన్ని చూసుకునే మనిషి టాప్ అనే ఆజ్ఞ ఇస్తాడు. ఎవరు ఎన్ని కట్టెలు కాలుస్తున్నారో, ఎక్కువ కాల్చేవాడి పేరు పైన ఉండేలాగు, జాబితా వస్తుంది. పైన ఉన్నవాడల్లా దొంగ కాడు. రాత్రిపూట ఫైళ్ళకు నకళ్ళు తీసే పనివాడు కూడా గంటో రెండు గంటలో విపరీతంగా కట్టెలు కాలుస్తాడు. కనక తొందరపడరాదు, విచారించాలి.

దొంగ ప్రాసెస్ తన పేరు దొంగ అని రాసుకోదు గదా. పెళ్ళివారింట పట్టుపంచె కట్టుకుని, చేత పన్నీరుబుడ్డి పట్టుకుని తిరిగేవాణ్ణి ఎవరూ నిలవేయరు. ఆడపెళ్ళివారు వాణ్ణి మగపెళ్ళివారి తాలూకు అనుకుంటారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి తాలూకు అనుకుంటారు. వాడు మాత్రం మొదటి పంక్తిలోనే కూర్చుంటాడు. లినక్స్‌కు గుండెకాయ వంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. కెర్నెల్ తన సొంత పనుల కోసం కె-వర్కర్ వంటి పేర్లతో కొందరు పనివాళ్ళను పెట్టుకుంటుంది. జాబితాలో ఆ పేర్లకు అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి. దొంగ ప్రాసెస్ ఒక్కొక్కసారి బ్రాకెట్లతో సహా అదే పేరు పెట్టుకుని కూర్చుంటుంది.

అయితే లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ఒక నంబరు ఉంటుంది, దాన్ని పుట్టించిన తండ్రి నంబరు కూడా పక్కనే రాసి ఉంటుంది. ఒకటో నంబరు అందరికీ పెద్ద. కెర్నెల్ పనివాళ్ళందరికీ తండ్రి రెండో నంబరు. బయటి నుంచి వచ్చినవాడు పేరు ఎన్ని విధాల మార్చుకున్నా రెండో నంబరుకు కొడుకు కాలేడు. "నీది ఏ వూరు, ఎవరి అబ్బాయివి?" అని మన పెద్దవాళ్ళు కొత్తవాణ్ణి అడిగే ప్రశ్నే ఇక్కడ పనికొస్తుంది! వెబ్ పేజీలు వడ్డించే అపాచీ వంటి ప్రోగ్రాము కింద, దాని కొడుకుగా, ఆజ్ఞలు తీసుకుని అమలు జరిపే షెల్ అనే ప్రాసెస్ కనిపించిందనుకోండి. వడ్డన చేసేవాడి మొలలో ఇంటి తాళాలగుత్తి కనిపించినట్టే. ఎందుకని అడిగి తీరాలి.

ఏ వూరో తెలుసుకోవటానికి కూడా ఉపాయం ఉన్నది. ప్రాక్ అనే చోట ప్రతి ప్రాసెస్ నంబరుకూ ఒక అర ఉంటుంది. ఈ ప్రాసెస్ ఏ ఫైలు నుంచి లేచిందో అందులో తెలుస్తుంది. నిజమయిన కెర్నెల్ పనివాడికి అక్కడ ఫైలేదీ ఉండదు. దొంగకు ఉంటుంది. అది చాలాసార్లు తాత్కాలికపు కాగితాలు పడేసే చోట ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎవరయినా ఏదయినా పెట్టవచ్చు. ఒక్కొక్కసారి ఫైలు పేరు పక్కన "చెరిపివేయబడినది" అని ఉంటుంది. మేడ ఎక్కి నిచ్చెన పైకి లాగేసుకున్న దొంగలాగా, ప్రాసెస్ లేచాక ఫైలును చెరిపేశారన్నమాట. విశేషమేమంటే, ఆ ప్రాసెస్ బతికి ఉన్నంతవరకు లినక్స్ ఆ ఫైలును నిజంగా పారేయదు. ఆ అర లోంచి దాని నకలు తీసుకోవచ్చు.

అందుకే తెలిసినవాళ్ళు దొంగ ప్రాసెస్ కనపడగానే చంపరు. చంపితే సాక్ష్యం పోతుంది. పైగా అది నిమిషం తిరక్కుండా మళ్ళీ లేస్తుంది, ఎందుకంటే క్రాన్ అనే వేళల పట్టికలో "నిమిషానికొకసారి నన్ను లేపు" అని దొంగ రాసిపెట్టి ఉంటాడు. ఎట్-రన్‌ను మరిచిపోలేదు గదా? వాళ్ళు ముందు ప్రాసెస్‌ను ఉన్నచోటనే స్తంభింపజేస్తారు. దానికి ఒక సంకేతం ఉన్నది. అది ఎవరితో మాట్లాడుతున్నదో, ఏయే ఫైళ్ళు తెరిచి పెట్టుకున్నదో రాసుకుంటారు. కొన్ని వేల మందికి చెత్త ఉత్తరాలు పంపుతూ ఉండవచ్చు. మొనెరో వంటి కంప్యూటరు నాణాల కోసం లెక్కలు చేస్తూ ఉండవచ్చు. అలాటి లెక్కకు బోలెడు కరెంటు కావాలి. కరెంటు ఖర్చు సర్వరు వాళ్ళది, నాణెం దొంగది.

ఇంత చెప్పాక ఒక చిక్కు ఉన్నది. సర్వాధికారాలూ చిక్కిన దొంగ పి.ఎస్. ఆజ్ఞనే మార్చేయవచ్చు. అప్పుడు జాబితాలో వాడి ప్రాసెస్ తప్ప అన్నీ కనిపిస్తాయి. కాపలావాడి కళ్ళకు దొంగ తన అద్దాలు తగిలించి పోయినట్టు! దీనికి విరుగుడు స్టోల్ చేసినదే. బయటి నుంచి చూడాలి. సర్వరును వలనుంచి విడదీసి, దాని డిస్కును వేరే మంచి కంప్యూటరుకు తగిలించి పరీక్షిస్తారు. చివరకు ఆ సర్వరును మొత్తం తుడిచేసి, శుభ్రమైన ప్రతులతో కొత్తగా నింపుతారు, సంకేతపదాలన్నీ మారుస్తారు, దొంగ వచ్చిన కన్నం పూడుస్తారు. ఒక్క ప్రాసెస్‌ను చంపి చేతులు దులుపుకున్నవాళ్ళు నెల తిరిగేలోగా మళ్ళీ మొదటికి వస్తారు.

2024లో జరిగిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లినక్స్ మీద ఏదో కొలతలు తీస్తున్నాడు. కొలతలు సరిగా రావాలంటే ఆ యంత్రంలో వేరే అలికిడి ఉండకూడదు. కాని దూరం నుంచి వచ్చేవాళ్ళకు తలుపు తీసే ఎస్.ఎస్.హెచ్. అనే ద్వారపాలకుడి ప్రాసెస్‌లు కట్టెలు ఎక్కువగా కాలుస్తున్నాయి. తప్పుడు పేర్లు చెప్పి వచ్చేవాళ్ళను గుమ్మం దగ్గరే తిప్పి పంపేటప్పుడు కూడా అంతే. ఒక్కసారి లోపలికి పోవటానికి అంతకు ముందు 0.299 సెకండ్లు పట్టేది, ఇప్పుడు 0.807 పడుతున్నది. అర సెకండు తేడా. రెప్పపాటుకు కాస్త ఎక్కువ.

ఆయన ఆ అర సెకండు ఎక్కడ పోతున్నదో వెతికాడు. ఫైళ్ళను కుదించే ఎక్స్.జెడ్. అనే సామాన్యమయిన సామగ్రిలో పోతున్నది. ద్వారపాలకుడికి దానితో పనేమిటి? తవ్వగా తవ్వగా గుడ్డు బయటపడింది. ఆ సామగ్రిని ఫిన్లండ్‌లో ఒకాయన చాలా ఏళ్ళుగా ఉచితంగా చూసుకుంటూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో ఆయనకు సాయంగా చేరి, రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, ఫిబ్రవరి నెలలో ఆ గుడ్డు పెట్టారు. పరీక్షల కోసమని ఉంచే, కావాలనే పాడుచేసిన ఫైళ్ళ మధ్య దాన్ని దాచారు. పాడయిన ఫైలును ఎవరు తెరిచి చూస్తారు! అది తనను ఎవరయినా పరీక్షిస్తున్నారని అనుమానం తగిలితే పని మానుకునేటట్టు కూడా రాసి ఉన్నది. దాదాపు నలభై ఏళ్ళ కిందట బర్కిలీలో అధికారిని చూసి జారుకున్న దొంగకు ఇది మనవడు కావచ్చు.

ఫ్రాయిండ్ మార్చి 29న ఈ సంగతి లోకానికి చెప్పాడు. అప్పటికి ఆ గుడ్డు డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ రకాల ప్రయోగపు ప్రతులలోకి మాత్రమే చేరింది. అందరూ వాడే ప్రతులలోకి ఇంకా రాలేదు. వెంటనే అన్నిచోట్లా దాన్ని తీసేశారు. అది పొదిగి ఉంటే లోకంలోని ఎన్నో సర్వర్ల తలుపులు ఒకే ఒక రహస్యపు తాళంచెవికి తెరుచుకునేవి. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో, జియా టాన్ అనేవాడు ఒకడో, పదిమందో ఇంతవరకు తేలలేదు.